నైట్రో 16 నుంచి 25కి మార్చాను: పొగను నమ్మాలా, టెంపరేచర్ గన్‌ను నమ్మాలా?

కోనసీమ కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నా దగ్గర 3.5 సీసీ ఇంజన్ ఉన్న ఆర్‌సీ బగ్గీ (రిమోట్‌తో నడిపే చిన్న కారు) ఉంది. రెండేళ్లుగా 16 శాతం నైట్రో (నైట్రోమీథేన్) కలిసిన మెథనాల్ ఇంధనంతోనే నడుపుతున్నాను. ఆ డబ్బా అయిపోయింది. హైదరాబాద్‌లో ఉండే మా బావ సెలవులకు వస్తూ 25 శాతం డబ్బా తెచ్చాడు. అదే ఇంజన్ ఆయన దగ్గరా ఉంది కాబట్టి తన హై స్పీడ్ నీడిల్ (ఫుల్ స్పీడు మీద ఇంధనం ఎంత పోవాలో సరిచేసే కార్బురేటర్ స్క్రూ) ఎన్ని చుట్లు తెరిచి ఉంటుందో కాగితం మీద రాసిచ్చాడు. నా పాత సెట్టింగ్ కూడా దాదాపు అంతే. అందుకని స్క్రూ ముట్టుకోలేదు.

దాళ్వా కోతలైపోయి ఎండిన చేలో తిప్పాం. మొదటి ట్యాంకు అదిరిపోయింది. రెండో ట్యాంకులో ఫుల్ థ్రాటిల్ మీద కీచుమని అరిచి, గట్టు దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోయింది. పొగ సన్నబడిందని నేనన్నాను. మా అన్నయ్య ఇంజన్ హెడ్ (పైభాగం) మీద టెంపరేచర్ గన్ పెట్టి చూసి, "112 డిగ్రీలే, 120 దాటలేదు కదా, పోనీ" అన్నాడు. ఇంకో రెండు రౌండ్లకే ఆగిపోయింది. గ్లో ప్లగ్ (ఇంధనాన్ని మండించే వేడి తీగ ఉండే ప్లగ్) విప్పితే తీగ మెరుపు పోయి బూడిద రంగులో, వంకర తిరిగిపోయి ఉంది.

ఇంట్లో ఇదే గొడవ. ఇంధనం మార్చినప్పుడు అంకె చూసుకోవాలా, పొగ, చప్పుడు చూసుకోవాలా? మీరు ఏం చేస్తారో చెప్పండి.

భీమవరం బగ్గీ:
తమ్ముడూ, మీ అన్నయ్య గన్‌ను నమ్మడంలో తప్పులేదు, పట్టిన తీరులో తప్పు ఉండొచ్చు. హెడ్ రెక్కల మీద నిగనిగలాడే అల్యూమినియానికి గురిపెడితే అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. పైనుంచి నిలువుగా, ప్లగ్ ఉండే గుంటలోకి పట్టాలి. అదీ ఫుల్ స్పీడు మీద రెండు మూడు రౌండ్లు తిప్పి తెచ్చిన వెంటనే. ఐడిల్‌లో నిమిషం నిలబెట్టి చూస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు.

నేను మాత్రం అంకె పక్షమే. ఆ రోజు ఎండ, నైట్రో శాతం, నీడిల్, హెడ్ వేడి అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పొగ చూసి సెట్ చేస్తామనేవాళ్లను ఒకటి అడుగుతాను. సాయంత్రం ఎదురెండలో పొగ ఎలా కనిపిస్తుంది? పక్కన నాలుగు బళ్లు అరుస్తుంటే మన ఇంజన్ చప్పుడు ఎలా తెలుస్తుంది? కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ల చేతికి ఒక అంకె ఇస్తే ఇంజన్ బతుకుతుంది.

రాజోలు మాస్టారు:
ఆ అంకెను నమ్మే కదండీ ఈ అబ్బాయి ప్లగ్ పోయింది. 112 అనేది ఏ ఇంధనానికి, ఏ ప్లగ్‌కి, ఏ గాలికి?

అసలు ఏం జరిగిందో చూడండి. కిలో మెథనాల్ పూర్తిగా మండాలంటే దాదాపు 6.4 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే ఆక్సిజన్ దాని లోపలే ఉంది. ఇంజన్ పీల్చే గాలి మాత్రం మారదు. అంటే నైట్రో పెరిగితే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. నీడిల్ కదపకుండా 16 తీసి 25 పోశావంటే, స్క్రూ ముట్టుకోకుండానే లీన్ (గాలికి తగినంత ఇంధనం లేకుండా) చేసినట్టు. బండి మొదటి ట్యాంకు అదిరిపోయింది అన్నావే, అదే హెచ్చరిక.

ఇక మీ బావగారి కాగితం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. మనం నాలుగైదు మీటర్ల ఎత్తున ఉంటాం. అక్కడ గాలి పీడనం మన దగ్గరకన్నా 5, 6 శాతం తక్కువ. అక్కడ సరిపోయిన నీడిల్ ఇక్కడ చిక్కటి గాలికి లీన్ అవుతుంది. కారణాలు రెండూ ఒకే వైపు లాగాయి. ఇంజన్ మిగిలిందంటే ఇంధనంలో ఆముదం కొంత కలిసి ఉండబట్టేనని నా అనుమానం. ఆ వేడికి కూడా ఆముదం పొర పట్టుకుని ఉంటుంది.

కొత్త ప్లగ్ వెయ్యి. హై స్పీడ్ నీడిల్ గడియారం ముల్లుకి ఎదురుగా పావు చుట్టు తెరువు. ఇంజన్ బాగా వేడెక్కాక గడియారంలో గంట జరిగినంత చొప్పున మూస్తూ రా. ఫుల్ థ్రాటిల్ మీద వెనక పొగ గీత తెగకూడదు. చురుకుదనం ఇంక పెరగడం లేదు అనిపించిన చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పు. హై స్పీడ్ అయ్యాకే లో స్పీడ్ నీడిల్ (తక్కువ వేగానికి ఇంధనం సరిచేసే స్క్రూ). దానికి ఐడిల్‌లో కార్బురేటర్ దగ్గర ఇంధనం ట్యూబు నొక్కి పట్టుకో. చప్పుడు కొద్దిగా పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. నొక్కగానే ఆగితే లీన్, ఎంతకీ ఆగకపోతే రిచ్ (ఇంధనం మరీ ఎక్కువ). గన్ ఆఖర్న తియ్యి, కాపలాకి.

నరసాపురం రేవు:
మాస్టారూ, మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ ఇది చదివినవాళ్లు రిచ్‌గా ఉంచేస్తే ఏ ప్రమాదమూ లేదనుకుంటారు, అక్కడ నాకు భయం. ఈ ఇంజన్లలో అల్యూమినియం పిస్టన్, అది కదిలే ఇత్తడి స్లీవ్ (గొట్టం). స్లీవ్ పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, వేడెక్కి వ్యాకోచించాకే ఆ ఇరుకు వదులుతుంది. మరీ రిచ్‌గా పెట్టి 80 డిగ్రీల మీద గంటలు గంటలు తిప్పితే పిస్టన్ ప్రతిసారీ పైన బిగుసుకుంటూ రాసుకుంటుంది. నా మొదటి ఇంజన్ కంప్రెషన్ అలాగే పోయింది. లీన్ చేసి కాదు, జాగ్రత్త ఎక్కువై పోగొట్టుకున్నాను.

ఇంకొకటి. మన దగ్గర గాలి నిండా తేమ. మెథనాల్ ఆ తేమను పీల్చేస్తుంది. ఆ డబ్బా ఎప్పుడు తెరిచారు, మూత గట్టిగా ఉందా? నీళ్లు కలిసిన ఇంధనంతో ఎంత తిప్పినా నీడిల్ ఒకచోట నిలవదు. మీ బావగారు సగం వాడి తెచ్చినదైతే ముందు దాన్ని అనుమానించండి.

భీమవరం బగ్గీ:
రేవు గారూ, మీరు చెప్పిన 80 అంకె కాదా? గన్ లేకపోతే అది ఎలా తెలిసేది?

రాజోలు మాస్టారు:
రేవు గారి మాట నిజం. మరీ చల్లగా తిప్పడమూ తప్పే, నేను అది చెప్పాల్సింది. గన్ పారెయ్యమని నేను అనలేదు. అంకె కోసం స్క్రూ తిప్పొద్దంటున్నాను. 25 శాతానికి కొందరు హెడ్ కింద 0.1 మిల్లీమీటర్ షిమ్ (సన్నటి వాషర్) ఒకటి పెంచుతారు, చల్లటి రకం ప్లగ్ వేస్తారు. ఇవి మారితే అదే వేడికి అర్థం మారిపోతుంది.

ఇంకో మాట, బాబూ. కోసిన చేలో అంటున్నావు, పక్కన గడ్డిమేటు ఉంటే అక్కడ ఇంధనం పొయ్యకు. మెథనాల్ మంట పట్టపగలు కంటికి ఆనదు. అంటుకుందని తెలిసేలోపే మేటు పోతుంది.

కోనసీమ కుర్రాడు:
చేసి చూశానండి. డబ్బా సీలు మేమే తీశాం, అది బాగానే ఉంది. పావు చుట్టు తెరిస్తే మొదటి ట్యాంకు దట్టమైన పొగ, బండి కదలనంటుంది. టెన్షన్ పడ్డాను కానీ మాస్టారు చెప్పినట్టే కొద్దికొద్దిగా మూసుకొచ్చాను. చివరికి పాత సెట్టింగ్ కన్నా గంటన్నర జరిగినంత తెరిచి ఉంది. పొగ గీత తెగలేదు. ప్లగ్ గుంటలోకి పట్టి చూస్తే 104. తీగ మెరుస్తోంది.

ఇవాళ పొద్దున్నే మబ్బు పట్టి, సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. అదే నీడిల్, అదే పొగ, ట్యూబు నొక్కితే రెండు సెకన్లు. గన్ మాత్రం 96 చూపించింది. అన్నయ్య కొంచెం మూయమంటున్నాడు.

భీమవరం బగ్గీ:
మూయాలి. మళ్లీ 104కి తెచ్చుకో. నా నోట్‌బుక్‌లో ఇలాంటి రోజులన్నింటికీ అలాగే చేశాను, ఏ ఇంజనూ పోలేదు.

రాజోలు మాస్టారు:
ముట్టుకోకు. బయట చల్లబడింది, హెడ్ చల్లబడింది, అంతే. లోపల మంట బాగుందని పొగా, ట్యూబూ, ప్లగ్ తీగా మూడూ చెబుతున్నాయి. మధ్యాహ్నం ఎండొస్తే, ఈ పూట మూసిన స్క్రూ ఎవరు తెరుస్తారు?

కోనసీమ కుర్రాడు:
ప్రస్తుతానికి ముట్టుకోవడం లేదండి. అన్నయ్యకీ చెప్పాను. మధ్యాహ్నం ఇంకో ట్యాంకు తిప్పి, ప్లగ్ విప్పి తీగ ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.