ఒక్క గుడి తేడా: ‘పూరములం బరిపూరితంబులై’యా, ‘పూరము లంబరపూరితంబులై’యా?

రేయిచెవి: నెల రోజులుగా ఒక పద్యం ముక్క వదలడం లేదు. “శారదరాత్రులు... నిస్వనముల్... అంబరపూరితంబులై” అని నోట్లో ఆడుతోంది, మధ్యలోది అందడం లేదు. శరత్కాలపు రాత్రి ఆకాశమంతా పక్షుల సవ్వడితో నిండిపోయిందని భావం. ఎందుకంటే, న్యూజెర్సీలో మా పెరట్లో ప్లాస్టిక్ బకెట్ అడుగున మైకు పెట్టి, మూతికి పల్చటి ప్లాస్టిక్ కవరు బిగించి, సెప్టెంబరు నుంచి తెల్లవార్లూ ఆకాశాన్ని రికార్డు చేస్తున్నాను. కెనడా అడవుల నుంచి దక్షిణానికి పోయే చిన్న పిట్టలు చాలావరకు రాత్రిళ్లే ప్రయాణం చేస్తాయి. ఎగురుతూ పొట్టిగా ఒక్క పలుకు పలుకుతాయి, ఎక్కువగా సెకనులో పదోవంతు కూడా ఉండదు. ఆ డైరీ మొదటి పేజీ మీద ఈ పాదం రాసుకుందామని. పూర్తి పద్యం ఎవరికైనా గుర్తుందా?

కోనసీమ: నన్నయగారి ఆఖరి పద్యం, ఆరణ్యపర్వం 4-142. కానీ అందులో నిస్వనాలు, అంటే సవ్వడులు, లేవు. అవి ఎర్రన అందుకున్న తర్వాతి పద్యంలోవి: “హంస సారస మధువ్రత నిస్వనముల్ చెలంగఁగా”. అది ఉదయం, ఇది రాత్రి. మీకు రెండూ కలిసిపోయాయి. కలవడంలో వింతేమీ లేదు. ఉత్పలమాల మొదటి గురువుకు బదులు రెండు లఘువులు వేస్తే చంపకమాల. ఆపై నడక ఒకటే కాబట్టి దాని తోక దీనికి అతుక్కుంటుంది. ఇంకో మాట, అది ‘అంబరపూరితంబులై’ కాదు. “పాండురుచిపూరములం బరిపూరితంబులై”, అంటే తెల్లని కాంతి వెల్లువలతో నిండినవై.

పద్యప్రియ: నేను చదివింది అంబరపూరితంబులై అనే. మా తెలుగు మాస్టారు ‘లంబర’ దగ్గర గొంతు లేపి, చెయ్యి కిటికీ వైపు చాచేవారు. నలభై ఏళ్లయినా ఆ చెయ్యి నాకు కనబడుతోంది.

కోనసీమ: మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను. మొదటి పాదం చివర, రెండో పాదం మొదట చూడండి: “హారపంక్తులం జారుతరంబు లయ్యె”. పంక్తులన్ + చారుతరంబులు. నాలుగో పాదంలోనూ అదే కట్టు: పూరములన్ + పరిపూరితంబులు. రాత్రులు నక్షత్రహారాల చేత అందమయ్యాయి, వెన్నెల వెల్లువల చేత నిండాయి. మొదలూ చివరా ఒకే తూకం. ‘పూరములు అంబరపూరితంబులై’ అంటే కర్త మారిపోతుంది, ‘కాగా’ అనాల్సి వస్తుంది. పైగా అంబరపూరితం అంటే ఆకాశం చేత నిండినది. ఆకాశాన్ని నింపినవి అనాలంటే ‘పూరితాంబరంబులు’ కావాలి.

తాటాకు: కోనసీమగారూ, ఆహితాగ్ని, అగ్న్యాహిత రెండూ సాధువులే కదా. నిష్ఠాంతం, అంటే ఆహిత, పూరిత లాంటి మాట, సమాసంలో వెనక్కి రావడానికి పాణిని దారి వదిలాడు, ఆ దారిన ‘అంబరపూరిత’నూ సమర్థించవచ్చు. ఛందస్సూ తీర్పు చెప్పదు: లంబర, లంబరి రెండూ భగణమే. యతి ‘ర్పూ’కి ‘పూ’తో ముందే కుదిరింది. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదు, పూరములంబరపూరితంబులై అని ఏకబిగిన సాగుతుంది. తేడా అంతా ‘ర’ నెత్తిన ఒక్క గుడి. గంటం ఒత్తు తగ్గినా, మసి చెరిగినా గుడి పోతుంది.

రేయిచెవి: గుడి అన్నారు కాబట్టి చెబుతాను. రాత్రి రికార్డును కంప్యూటర్‌లో స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే ధ్వనిని బొమ్మగా, తెరిస్తే ఒక్కో పలుకూ చిన్న గీతలా కనబడుతుంది. థ్రష్‌లవి కింద, రెండు మూడు కిలోహెర్ట్జ్ దగ్గర. వార్బ్లర్లు, స్పారోలవి పైన, ఆరు నుంచి తొమ్మిది మధ్య. ఒకటి గుడిలా వంగుతుంది, ఒకటి కొమ్ములా లేస్తుంది, ఒకటి వణుకుతుంది. ఆ వంపును బట్టే జాతి పేరు. కొన్ని వార్బ్లర్లను మాత్రం విడదీయడం కుదరదు, అన్నిటినీ కలిపి ‘జీప్’ అని రాసి వదిలేస్తాం.

పద్యప్రియ: అలాగే దీన్నీ వదిలేద్దామా?

కోనసీమ: వదలం.

సన్నజాజి: చర్చ మారుస్తున్నందుకు క్షమించాలి. అక్కడి ‘ఫాల్’ని శరత్తు అనవచ్చా? ఆకు రాలేది మనకు శిశిరంలో. సెప్టెంబరులో సగం రోజులు భాద్రపదం, అంటే ఇంకా వర్షర్తువే. వలస పిట్ట మాటకొస్తే శరత్తుకు మన కావ్యాల్లో ఖంజరీటం ఉంది, కాటుకపిట్ట. వానలు వెళ్లాక పొలం గట్టు మీద తోకాడిస్తూ దిగుతుంది. రేయిచెవిగారూ, ‘కూత’ అనకుండా ‘పలుకు’ అన్నారు, బాగుంది. కూత అంటే నాకు కోడీ రైలే గుర్తొస్తాయి.

రేయిచెవి: మా థ్రష్‌లు సెప్టెంబరు రెండో సగంలోనే ఎక్కువండీ, కాబట్టి ఆశ్వయుజం అటూ ఇటూగా అందుతుంది. చల్లటి ఉత్తరగాలి తిరిగిన రాత్రి చూడాలి! 1896 సెప్టెంబరులో విస్కాన్సిన్‌లోని మాడిసన్ దగ్గర గుట్ట మీద కూర్చుని ఓరిన్ లిబ్బీ అనే ఆయన ఒక్క రాత్రిలో 3,800 పలుకులు లెక్కపెట్టాడు, ఉత్త చెవులతో. టేపు రికార్డరుతో ఈ పని 1957లో ఇలినాయ్‌లో గ్రేబర్, కాక్రన్ మొదలుపెట్టారు. అయినా ఆకాశంలో ఉన్నవన్నీ దొరకవు. వీరియోలు, ఫ్లైక్యాచర్లు దాదాపుగా నోరు విప్పకుండా వెళ్లిపోతాయి.

పద్యప్రియ: అయితే నన్నయగారి రాత్రి నిశ్శబ్దం అనడం నాకు ఒప్పుదల కాదు. అక్షరరమ్యత అని తానే చెప్పుకున్న కవి. ఆఖరి పాదం పైకి చదవండి, ఏడు రేఫలు. సవ్వడిని వర్ణించలేదు, అక్షరాల్లో పెట్టాడు. ‘లంబర’ అంటే ఆ ‘ర’ తెరుచుకుంటుంది, ‘రి’ అంటే ముడుచుకుంటుంది.

సన్నజాజి: అంబరం అంటే చీర కూడా. హారాలు, కలువల పరిమళం, కర్పూరపు పొడి, తెల్లచీర. రాత్రిని పెళ్లికూతురిలా ముస్తాబు చేశాడు. అందుకే నాది ‘అంబర’ పక్షం.

కోనసీమ: అందంగా ఉందమ్మా. కానీ చీరను ‘పూరితం’ అనరు.

సన్నజాజి: వెన్నెలతో నిండిన చీర అంటే ఎందుకనకూడదు?

తాటాకు: ఉస్మానియా వారి సంశోధిత ముద్రణ మా తమ్ముడింట్లో ఉంది. ఆదివారం వెళ్లి ఆ పద్యం కింద పాఠాంతరాలేమైనా ఇచ్చారేమో చూసి ఫొటో పెడతాను. ఒక ప్రతిలో గుడి ఉన్నంత మాత్రాన నన్నయ పెట్టినట్టు కాదని ముందే మనవి.

రేయిచెవి: ఆదివారం దాకా ఆ పేజీ ఖాళీగానే ఉంచుతాను. నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక స్వైన్‌సన్స్ థ్రష్ మరీ కిందుగా పోయింది, హెడ్‌ఫోన్స్ లేకుండానే వినబడింది. ఇప్పుడు ఉత్తరగాలి తిరిగింది. బకెట్ సర్దడానికి వెళ్తున్నాను.