మొదటి బెంచీకి స్క్రూలు సరిపోతాయా, లేక కుసి పని నేర్చుకునే మొదలుపెట్టాలా?

కొత్తరంపం:
అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు చెక్క పని చేయలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేకపోతోంది. తన కోసం ఒక బెంచీ నా చేత్తో చేయాలని ఉంది. మీటరు పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. నా దగ్గర చేతి రంపం, డ్రిల్, మూలమట్టం, రెండు క్లాంపులు, ఒక ఉలి ఉన్నాయి. అడిగినవాళ్ళలో సగం మంది స్క్రూలు బిగించేయమంటున్నారు. మిగతా సగం మంది కుసి, బెజ్జం (ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి, ఇంకో చెక్కలో తొలిచిన రంధ్రంలో దూర్చే అతుకు) లేకుండా చేసింది నిలవదంటున్నారు. ఎవరి మాట వినాలి?

మరమేకు:
స్క్రూలు, తెల్ల జిగురు. ఈ రెండింటితో మొదలుపెట్టండి. కుసి పని గొప్పదే, కాదనను. కానీ మొదటిసారి రంపం పట్టినవాళ్ళకు గీత మీద నిలువుగా కోయడమే పెద్ద పని. దాని మీద మళ్ళీ నాలుగు కాళ్ళకు ఎనిమిది బెజ్జాలు తొలవమంటే మూడో బెజ్జం దగ్గర ఉలి పక్కన పెట్టేస్తారు. సగంలో ఆగిపోయిన బెంచీ మీద ఎవరూ కూర్చోలేరు.

రెండు జాగ్రత్తలు చాలు. స్క్రూకు ముందు రంధ్రం వేయాలి, లేకపోతే చెక్క చివర చీలుతుంది. ఆ రంధ్రం స్క్రూ మరలను వదిలేసి లోపలి కాడ ఎంత లావుందో అంతే ఉండాలి. రెండోది, చట్రం బిగించేటప్పుడు మూల నుంచి మూలకు రెండువైపులా కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే చట్రం మూలలు మట్టంగా ఉన్నట్టు. ఇది చేసి చూడండి, రెండో బెంచీకి కుసి గురించి మాట్లాడుకుందాం.

ఉలిపట్టు:
మరమేకు గారూ, అసలు విషయం వదిలేశారు. కాలికీ, కాళ్ళను కలిపే అడ్డ పట్టెకూ స్క్రూ వేస్తే ఆ స్క్రూ వెళ్ళేది పట్టె చివరలోకి. అక్కడ చెక్క నార తెగి ఉంటుంది. తెగిన నారలో మర పట్టు నిలవదు. బెంచీ మీద మనిషి నిటారుగా కూర్చున్నంతసేపు ఏమీ కాదు. లేచేటప్పుడు పక్కకు ఒరుగుతారు, చేయి ఊనుతారు. ఒరిగిన ప్రతిసారీ స్క్రూ చుట్టూ ఉన్న పొడి కొంచెం రాలుతుంది. ఏడాదికి బెంచీ ఊగడం మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కింద బెంచీ ఊగితే ఏమవుతుందో ఆలోచించండి.

కుసిలో ఆ బరువు మోసేది చెక్క. కుసి మందం పట్టె మందంలో మూడో వంతు పెట్టుకుంటే, కుసికి రెండు పక్కలా ఉండే మెట్లు, అంటే భుజాలు, కాలికి సరిగ్గా ఆనితే, జిగురు పోయినా అది వెంటనే ఊడిపడదు. మా నాన్న వడ్రంగి. ఆయన చేసిన బల్లల్లో ఒక్క స్క్రూ ఉండదు. నాకంటే వయసులో పెద్దవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

నిదానం:
ప్లైవుడ్ తీసుకోండి. అంతగా వంగదు, ఉబ్బదు, తలనొప్పి తక్కువ.

వానచినుకు:
స్క్రూల గురించి నా అనుభవం చెప్తాను. నేను చేసిన మొదటి టేబుల్, పలక వెడల్పు 60 సెంటీమీటర్లు. చుట్టూ చట్రానికి కింద నుంచి పన్నెండు స్క్రూలు, పైగా జిగురు. కదలకుండా ఉండాలని నేనే గట్టిగా బిగించాను. వానాకాలం అంతా బాగానే ఉంది. గాలి ఆరాక ఒక రాత్రి టప్‌మని చప్పుడు. పొద్దున చూస్తే పలక మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు చీలిక, నాణెం దూరేంత. ఆరు వారాల పని. అప్పటి నుంచి స్క్రూ ముట్టుకోలేదు.

మరమేకు:
వానచినుకు గారూ, బాధ అర్థమైంది. కానీ ఆ తప్పు స్క్రూది కాదు. చెక్క పొడవులో దాదాపు కదలదు. వెడల్పులోనే, గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. 60 సెంటీమీటర్ల పలక అయితే ఏడాదిలో 5, 6 మిల్లీమీటర్లు సులువుగా కదులుతుంది. మీరు దాన్ని చుట్టూ జిగురుతో కదలకుండా కట్టేశారు. అది కుంచించుకోవాలనుకుంది, చట్రం వదల్లేదు, మధ్యలో తెగింది. మీ చట్రం మొత్తం కుసులతో చేసి, పలకను జిగురుతో అంటించినా ఇదే జరిగేది.

వానచినుకు:
జిగురు నాలుగు మూలల్లోనే పెట్టాను. స్క్రూలు మాత్రం పన్నెండు. చీలిక సరిగ్గా మధ్య స్క్రూల వరుసలో వచ్చింది. అది చూశాక కూడా స్క్రూది కాదంటే ఎలా?

మరమేకు:
మూలల్లో పెట్టినా చాలు. రెండు అంచులు కట్టేస్తే మధ్యే చీలుతుంది. చెక్క బలహీనంగా ఉన్నచోట తెగుతుంది, రంధ్రాల వరుస బలహీనమైన చోటు. చీలింది అక్కడ, కారణం అది కాదు.

వానచినుకు:
రంధ్రం వేసిందే స్క్రూ కోసం కదా.

పొట్టుపొడి:
చెక్క సరిగ్గా ఆరిందా అసలు? ఇంట్లో వాడే సామానుకు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. పచ్చి చెక్క అయితే కుసి వేసినా, స్క్రూ వేసినా అంతే.

వానచినుకు:
ఆరిన చెక్కే. తేమ మీటర్ పెట్టి చూశాను, 11 శాతం వచ్చింది.

ఉలిపట్టు:
చూశారా. లోహం కదలదు, చెక్క కదులుతుంది. ఆ రెండింటినీ కలిపి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఒకటి ఓడిపోవాలి. పాతవాళ్ళు చెక్కను చెక్కతోనే కలిపింది అందుకే.

మరమేకు:
పాతవాళ్ళకు చవగ్గా స్క్రూలు దొరికేవి కావండీ. యంత్రం మీద స్క్రూలు విరివిగా చేయడం మొదలై రెండు వందల ఏళ్ళు దాటి ఎంతో కాలేదు. అంతకుముందు ఒక్కో మర చేత్తో ఆకురాయి పెట్టి కోయాలి. దొరికాక మంచి వడ్రంగులు కూడా వాడారు. పలకను బిగించడానికి సాగదీసిన రంధ్రం వేసి, వాషర్ పెట్టి స్క్రూ వేస్తే పలక దాని దారిన అది కదులుతుంది, స్క్రూ దాని పని అది చేస్తుంది.

కొత్తరంపం:
క్షమించాలి, నా బెంచీ పక్కకు పోయింది. ఉలిపట్టు గారూ, కుసి చేయడం సరిగ్గా రావడానికి మామూలుగా ఎంతకాలం పడుతుంది?

ఉలిపట్టు:
రోజూ ఒక గంట కూర్చుంటే రెండు మూడు నెలలు. ముందు ఉలి నూరడం నేర్చుకోవాలి. వెనకవైపు అద్దంలా చదునుగా ఉండాలి, అంచు 25 నుంచి 30 డిగ్రీల వాలు. అది రాకుండా చెక్క మీద చేయి వేయొద్దు. మొండి ఉలిని బలంగా తోయాల్సి వస్తుంది, బలంగా తోసినప్పుడే అది జారి చేతిలో దిగుతుంది. పనికిరాని ముక్కల మీద ఇరవై కుసులు చేసి పారేయండి. తర్వాత బెంచీ.

మరమేకు:
ఈ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. మన్నించండి, కానీ చెప్పాలి. నేను కూడా నేర్చుకోవాలని ఒకరి దగ్గర చేరాను. మూడు నెలలు ఉలి నూరించారు, పొట్టు ఊడ్పించారు. నాతో చేరిన మగపిల్లలకు రెండో వారంలోనే చెక్క ఇచ్చారు. నన్ను మాత్రం 'నీకు ఇంకా చేయి కుదరలేదమ్మా' అంటూనే ఉన్నారు. మూడు నెలల్లో ఒక్క పలక నా చేతికి రాలేదు. మానేశాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఉలి కనిపిస్తే చాలు, నాకు చేతకాదనే అనిపించేది. చివరికి నాలుగు పలకలు, స్క్రూలు పెట్టి పుస్తకాల అర చేసుకున్నాను. వంకరగానే వచ్చింది. కానీ నిలబడింది. ఆ రోజే నాకు భయం పోయింది. ఇప్పుడు కుసులు కూడా చేస్తాను, అవి నేర్చుకున్నది ఆ అర తర్వాతే. అందుకే 'ముందు అర్హత, తర్వాత చెక్క' అంటే నేను ఊరుకోలేను.

ఉలిపట్టు:
నేను అర్హత మాట ఎక్కడన్నాను? నూరకపోతే చేయి తెగుతుందన్నాను.

మరమేకు:
ఇరవై చేసి పారేయమన్నారు. అమ్మ కూర్చోవాల్సింది ఇప్పుడు. మూడు నెలల తర్వాత కాదు.

నిదానం:
గొడవ ఆపండి. ప్లైవుడ్‌కి ఈ సమస్యలు చాలా తక్కువ.

ఉలిపట్టు:
నిదానం గారూ, ప్లైవుడ్ సంగతి తర్వాత.

మరమేకు గారూ, మీకు జరిగింది తప్పే. నేర్పుతానని చెప్పి చెక్క ఇవ్వనివాడు గురువు కాడు. నా సంగతి కూడా చెప్తాను. మా నాన్న ఆఖరి రోజుల్లో ఒక ఇంటికి భోజనాల బల్ల ఒప్పుకున్నారు. సగం పనిలో ఉండగా ఆ ఇంటాయన ఫోన్‌లో ఒక వీడియో చూపించి, 'ఇతను సాయంత్రానికి చేసేశాడు, స్క్రూలతో. నువ్వు పదిహేను రోజులు ఎందుకు తీసుకుంటున్నావు?' అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. పనిముట్లు సంచిలో సర్దుకుని వచ్చేశారు. నేను చూస్తుండగా ఆ ఉలిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. మళ్ళీ దించలేదు. కాబట్టి ఎవరైనా 'స్క్రూలు చాలు' అంటే నాకు వినపడేది ఆయన మాట. మీరు మొదలుపెట్టేవాళ్ళ గురించి అంటున్నారని తెలుసు. అయినా అలాగే వినపడుతుంది.

మరమేకు:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను వేరేలా మాట్లాడేదాన్ని. మీ నాన్నగారి పని అక్కర్లేదని నేను ఎప్పుడూ అనను. స్క్రూలతో అర చేసుకున్నాకే నాకు మంచి కుసి విలువ తెలిసింది. అంతకుముందు పాత బల్లలు చూస్తే బల్లలే కనిపించేవి.

కానీ ఒక్కటి అడుగుతాను. పదిమంది స్క్రూలతో మొదలుపెడితే అందులో ఇద్దరైనా ఉలి దాకా వస్తారు. ఉలితోనే మొదలుపెట్టాలంటే ఎంతమంది మిగులుతారు?

ఉలిపట్టు:
ఆ ఇద్దరి కోసం మిగతా ఎనిమిది మంది 'వడ్రంగం ఇంతే' అనుకుని వెళ్ళిపోతారు. నా బాధ ఆ ఎనిమిది మంది గురించి. దీని మీద మనకు కుదరదు. వదిలేద్దాం.

కొత్తరంపం, బెంచీ సంగతి చూద్దాం చెల్లెమ్మా. కాలు ఎంత మందం అనుకుంటున్నావు?

కొత్తరంపం:
6 సెంటీమీటర్ల చదరం అన్నా. పట్టెలు 9 వెడల్పు, 3 మందం.

ఉలిపట్టు:
అయితే బెజ్జం వద్దు. కాలి పైభాగాన బయటివైపు 9 సెంటీమీటర్ల ఎత్తు, 3 లోతు ఒక గాడి తీయి. పొడవు పట్టె ఆ గాడిలో మెట్టు మీద కూర్చుంటుంది. మనిషి బరువు మెట్టు మోస్తుంది. జిగురు రాసి, బయట నుంచి రెండు స్క్రూలు వెయ్యి. ఆ స్క్రూలు కాలి పక్క నారలోకి వెళ్తాయి, తెగిన చివరలోకి కాదు. అక్కడ పట్టు ఉంటుంది. స్క్రూలు వెయ్యమని నేనే చెప్తున్నాను, మరమేకు గారు గమనించాలి.

మరమేకు:
గమనించాను. చాలా మంచి పద్ధతి. పొట్టి పట్టెలకు లోపలి మూలల్లో త్రికోణపు దిమ్మలు పెట్టి, వాటిలోంచి పట్టెకూ కాలికీ స్క్రూలు వేయండి. ఒరుగుడు ఆగుతుంది. పైపలకకు సాగదీసిన రంధ్రాలు మరిచిపోవద్దు: పక్కపక్కనే మూడు రంధ్రాలు వేసి ఉలితో కలిపేస్తే చాలు, వెడల్పు దిక్కున.

వానచినుకు:
నేనైతే పైపలకకు ఇప్పటికీ స్క్రూ వేయను. చెక్క గుండీలు, అంటే పలకను కదలనిస్తూ చట్రానికి పట్టి ఉంచే చిన్న చెక్క ముక్కలు వాడతాను.

పొట్టుపొడి:
పై పూతకు లిన్సీడ్ (అవిసె గింజల) నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వేడెక్కి వాటంతట అవే మంట అంటుకోవచ్చు. బయట విడివిడిగా ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

కొత్తరంపం:
(తొమ్మిది రోజుల తర్వాత) అందరికీ చెప్దామని వచ్చాను. మొదటి కాలు పాడైంది. అడ్డకోత రంపంతో బాగానే వచ్చింది. పై నుంచి ఉలి పెట్టి సుత్తితో కొడితే చెక్క ఒక్కసారిగా గీత దాటి లోపలికి చీలిపోయింది. ఏడుపొచ్చింది. రెండో కాలికి ముందు ఉలి నూరాను. ముంజేతి మీద వెంట్రుకలు తెగేదాకా. తర్వాత గీతకు చాలా బయట నుంచి, పల్చగా, ఒక్కో పొర తీసుకుంటూ వచ్చాను. ఆఖరి పొరలు ఉలిని చేత్తో తోస్తేనే వచ్చేశాయి, చుట్టలు చుట్టుకుంటూ. పట్టెను గాడిలో పెట్టాను. గోరు కూడా దూరలేదు. జిగురు లేకుండానే అలా పట్టుకుని ఉండిపోయింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మూడు కాళ్ళు అయ్యాయి. అమ్మ రోజూ వచ్చి ఎంతవరకు వచ్చిందని అడుగుతోంది.

మరమేకు:
పాడైన కాలు పారేయకండి. మూల దిమ్మలు దాంట్లోంచే వస్తాయి.

ఉలిపట్టు:
చీలింది ఏ వైపుకు? కాలి పక్కన చూడు, నార గీతలు కింద లోపలికి వాలుతున్నాయా, బయటికా? లోపలికి వాలితే ఆ ముఖం మీద గాడి తీయకూడదు, కాలిని తిప్పుకోవాలి. నాలుగో కాలికి ఉలి పెట్టే ముందు ఫొటో పెట్టు. నేను చూసి చెప్తాను.