అప్‌డేట్: ఎల్ఈడీ బోర్డులో చివరి అక్షరాలు డల్‌గా వెలగడం (సమస్య తీరింది)

మెడికల్ షాపుకి బిగించిన ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డులో మొదటి అక్షరాలు బాగా వెలిగి, చివరికి వెళ్లేకొద్దీ డల్ అవుతున్నాయని అడిగాను కదా. సలహా ఇచ్చిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్.

మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడమన్న మాటే పనికొచ్చింది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని నిచ్చెన ఎక్కించాను. ఎస్ఎంపీఎస్ (బోర్డుకి కరెంటిచ్చే పవర్ సప్లై బాక్స్) దగ్గర 12 వోల్టులు, చివరి అక్షరం దగ్గర 9.4! మాడ్యూల్స్ (అక్షరాల్లో వెలిగే చిన్న ఎల్ఈడీ ముక్కలు) అన్నీ ఒకే వరుసలో, వాటి సన్న వైరు మీదే సాగాయి. కరెంటంతా దాంట్లోంచే పోవాలి కాబట్టి వోల్టేజీ దారిలోనే పడిపోతోంది. అదే ఎస్ఎంపీఎస్ నుంచి లావు వైరు (1.5 ఎస్‌క్యూ ఎంఎం) విడిగా లాగి, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట సప్లై కలిపాడు. ఇప్పుడు బోర్డంతా ఒకే వెలుగు. షాపాయన ముఖం కూడా.

ఎస్ఎంపీఎస్ మార్చే పని పడలేదు, మాడ్యూల్స్ మంచివే. వాన నీళ్లు దిగాయేమో అన్నారు, లోపల పొడిగానే ఉంది.

ఇదే సమస్యతో వచ్చేవాళ్లకి ఒక్క మాట. బోర్డు వెలుగుతుండగానే కొలవండి. మాడ్యూల్స్ విప్పేసి కొలిస్తే వైరు చివర కూడా 12 చూపిస్తుంది, తప్పెక్కడుందో దొరకదు.