పెల్విస్ ముందుకు వంగితే ముందు స్ట్రెచింగా, బలం పెంచడమా?

సమతూకం:
గంటల తరబడి కూర్చునేవాళ్లకు నడుము నొప్పి వస్తే, తుంటి ముందు కండరాలు బిగుసుకుని, పొట్ట, పిరుదుల కండరాలు బలహీనపడి, పెల్విస్ (కటి ఎముకల గూడు) ముందుకు వంగిందని చెబుతారు. చెక్ వైద్యుడు వ్లదిమీర్ యాండా దీన్నే లోయర్ క్రాస్డ్ సిండ్రోమ్ అన్నారు. నా ఉద్దేశంలో ఇప్పటికీ స్ట్రెచింగ్‌తోనే మొదలుపెట్టాలి. తుంటిని మడిచే సోయాస్ కండరం నడుము పూసల దగ్గర బయల్దేరి తొడ ఎముక లోపలి వైపు చిన్న బుడిపె దగ్గర ముగుస్తుంది. అది పొట్టిబడ్డప్పుడు బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తడం) చేయిస్తే తుంటి పూర్తిగా తెరుచుకోదు. ఆ లోటు పూడ్చడానికి నడుము విల్లులా వంగుతుంది.

వెన్నుపూస:
సమతూకం గారూ, సోయాస్ సంగతి ఒప్పుకుంటాను. వంపు చూసి జబ్బు తేల్చడమే నాకు మింగుడుపడదు. 2011లో హెరింగ్టన్ అనే పరిశోధకుడు నొప్పి లేని 120 మందిని కొలిస్తే మగవాళ్లలో 85 శాతానికి, ఆడవాళ్లలో 75 శాతానికి పెల్విస్ ముందుకే వంగి ఉంది. పైగా వంపు కొలవడానికి మనం చేత్తో తడిమి చూసే పెల్విస్ బుడిపెల ఎత్తు ఎముక ఆకారాన్ని బట్టి మనిషికీ మనిషికీ మారుతుంది. ఇక "బిగుసుకున్నట్టుంది" అనే మాట. పొడవు సరిపడా ఉన్న కండరం కూడా అలసిపోతే బిగుతుగానే అనిపిస్తుంది. దాన్ని నెలల తరబడి సాగదీస్తే ఏం లాభం?

సమతూకం:
అందుకే కదండీ పరీక్ష! బల్ల అంచున కూర్చుని, రెండు మోకాళ్లూ ఛాతీకి పట్టుకుని వెనక్కి పడుకోవాలి. తర్వాత ఒక కాలు వదిలేయాలి. ఆ తొడ బల్ల మట్టానికి దిగకపోతే సోయాస్ మీద అనుమానం. తొడ దిగినా మోకాలు 80 డిగ్రీల దాకా మడవకుండా ముందుకు చాచుకుంటే రెక్టస్ ఫెమోరిస్ అనే తొడ ముందు కండరం మీద. ఈ మాడిఫైడ్ థామస్ పరీక్షలో తేడా వచ్చినవాళ్లకే స్ట్రెచ్ ఇవ్వాలన్నది నా మాట.

నిలకడ:
ఆ పరీక్షలోనే పెద్ద మోసం ఉంది. పట్టుకున్న మోకాలు కాస్త వదులైతే నడుము బల్ల మీంచి లేస్తుంది, తొడ దానంతటదే దిగిపోతుంది, పొట్టి కండరం మామూలుగా కనిపిస్తుంది. మరీ గట్టిగా లాగితే పెల్విస్ వెనక్కి తిరిగి, బాగున్న కండరం పొట్టిగా కనిపిస్తుంది. నడుము కింద అరచేయి పెట్టి చూడండి. అది మెల్లగా నొక్కుకుంటే చాలు, నలిగిపోకూడదు.

స్ట్రెచ్‌లోనూ అంతే. ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందు. ముందుకు జరగకముందే, నేల మీదున్న కాలి వైపు పిరుదు బిగించి, పొత్తికడుపు కింది ఎముకను బొడ్డు వైపు ఎత్తాలి. చాలామందికి ఒక్క అంగుళం కదలకుండానే తొడ ముందు భాగం లాగేస్తుంది. 30 సెకన్లు, ఒక్కో వైపు 3 సార్లు. ఈ ఎత్తడం మానేసి ముందుకు వాలితే వంగేది నడుమే. సాగాల్సింది సాగదు, గజ్జల్లో గుచ్చుతుంది.

వెన్నుపూస:
నిలకడ గారూ, చాలా బాగా చెప్పారు. కానీ ఆ సాగిన పొడవు బరువు మీద వాడకపోతే నిలవదు. "గ్లూట్స్ (పిరుదుల కండరాలు) నిద్రపోయాయి" అనే మాటా నాకు నచ్చదు. కుర్చీలోంచి లేచే మనిషికి అవి పనిచేస్తూనే ఉన్నాయి, చాలినంత బలం లేదంతే. నేల మీద 10 బ్రిడ్జ్‌లు రెండు నెలలపాటు అలాగే చేయిస్తే ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? 8 నుంచి 12 రెప్స్ (ఎత్తి దించడాలు), 3 సెట్లు, వారానికి 2, 3 రోజులు. చివరి రెండు రెప్స్ కష్టంగా ఉండాలి. తేలికైతే ఒంటికాలి బ్రిడ్జ్, తర్వాత బరువుతో. మధ్యలో తొడ వెనక పట్టేస్తే మడమలు దూరంగా ఉన్నాయని అర్థం, పిరుదుల దగ్గరకు జరపాలి. భుజం, తుంటి, మోకాలు ఒకే గీతలోకి రాగానే ఆపాలి. అంతకంటే ఎత్తితే ఆ పని నడుముదే.

నిలకడ:
ఇద్దరూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది: నొప్పి ఏ కదలికలో వస్తోంది? ఎక్కువసేపు నిలబడితే, వెనక్కి వంగితే పెరిగి, కూర్చుంటే తగ్గేవాళ్లకు పెల్విస్‌ను వెనక్కి తిప్పే సాధన హాయినిస్తుంది. ముందుకు వంగితే, కూర్చుంటే పెరిగి కాల్లోకి దిగే నొప్పికి అదే సాధన అపకారం చేయొచ్చు. వాళ్లకు నడుము సహజమైన వంపులోనే ఉంచి బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, దానికి ఎదురు వైపు కాలు చాచడం), సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఆని ఒళ్లు తిన్నగా ఎత్తి ఉంచడం) 10 సెకన్ల చొప్పున చేయించడం మేలు. మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, మూత్రం అదుపు తప్పడం, పాదం పైకి లేవకపోవడం కనిపిస్తే ఏ వ్యాయామమూ వద్దు, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

సమతూకం:
ఈ ప్రశ్న ముందు అడగాల్సింది, ఒప్పుకుంటున్నాను. స్ట్రెచ్ మాత్రం వదలను. పరీక్షలో తేడా ఉంటే బ్రిడ్జ్‌కు ముందు చేయించి, ఆ వచ్చిన పొడవులోనే బలం పెట్టిస్తాను. మూడు వారాల తర్వాత తొడ బల్లకు దిగి కూడా నొప్పి అలాగే ఉంటే స్ట్రెచ్ ఆపేస్తాను.