పడమటి ఎండలో బుగ్గల (బెలూన్ల) ఆర్చ్ నిలవాలంటే ఏం చేయాలి?

అన్నలు, అక్కలు, మే నెలలో హనుమకొండలో ధోతి ఫంక్షన్ ఉంది, గేటుకు బుగ్గల ఆర్చ్ పెడుతున్నాం. గేటు పడమర ముఖం, వెడల్పు 12 అడుగులు, ఎత్తు 9. వంపు పొడవు దాదాపు 24 అడుగులు వస్తుంది. 12 ఇంచుల బుగ్గలను 9 ఇంచులకే ఊది, నాలుగేసి గుత్తి కడితే అడుగుకు రెండు గుత్తులు, మొత్తం 192. పగిలేవాటికని 230 తెస్తున్నాం. సైజు తేడా రాకుండా అట్టకు 9 ఇంచుల రంధ్రం కోసి, ప్రతి బుగ్గనూ అందులో పెట్టి చూస్తాం.

ముప్పావు ఇంచు పీవీసీ పైపు, రెండు చివరలా ఇసుక నింపిన 20 లీటర్ల పెయింట్ డబ్బాలు. జాయింటు నడినెత్తిన పడితే వంపు అక్కడే కోణం తిరుగుతుంది కాబట్టి పక్కకు జరిపాం.

అసలు బెంగ ఎండతోనే. లేటెక్స్ బుగ్గ ఎండ తగిలితే ముందు మెరుపు పోయి పౌడరు అద్దినట్టు అవుతుంది, తర్వాత పగులుతుంది. మెరూన్, ముదురు నీలం తొందరగా వేడెక్కుతాయి. ఒక్కటి పగిలినా ఆ గుత్తి వదులై, ఆర్చ్ చుట్టూ మెలిక తిరిగే రంగుల గీత చెదురుతుంది.

చుట్టాలు సాయంత్రం ఏడింటికి వస్తారు. గుత్తులు ఇంట్లోనే కట్టి, ఐదున్నరకు తెచ్చి పైపుకు ఎక్కిస్తే 48 గుత్తులకు ఎంతమంది కావాలి? ట్రాలీ ఆటోలో దుప్పట్లు కప్పి తేవచ్చా, పెద్ద పాలిథిన్ సంచులు మేలా? బుగ్గల మెరుపు పోకుండా పైన కొట్టే స్ప్రే ఆరుబయట నిజంగా పనిచేస్తుందా? గాలిదుమారం లేస్తే ఆర్చ్‌ను గేటు కమ్మీలకు చేపల గాలం దారంతో ఎన్నిచోట్ల కట్టాలి? చేసినవాళ్లు జర వివరంగా చెప్పండి.