బ్యాంకు మెసేజ్‌లు చదివే ఖాతా యాప్: ప్లే స్టోర్‌లో పెట్టాలా, ఏపీకే పంచాలా, ఐఫోన్‌కీ రాయాలా?

కొట్టు_కోట్లిన్:
అందరికీ నమస్కారం. మా మామయ్యకి నరసరావుపేటలో ఎరువుల కొట్టు ఉంది. రైతులు బాకీలు ఎక్కువగా యూపీఐలోనే కడుతున్నారు. బ్యాంకు నుంచి జమ మెసేజ్ రాగానే చదివి, ఆ రైతు పేరు కింద రాసేసే యాప్ ఒకటి చేశాను. రాత్రి కొట్టు కట్టేశాక పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చునే పని ఆయనకి తప్పింది. ఇప్పుడు పక్క కొట్లవాళ్ళూ అడుగుతున్నారు. ఏపీకే ఫైలు (స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేరుగా ఎక్కించే యాప్ ఫైలు) వాట్సాప్‌లో పంపితే కొన్ని ఫోన్లలో ఇన్‌స్టాల్ కావట్లేదు. ఒకాయనది ఐఫోన్. ఏం చేయమంటారు?

స్విఫ్ట్_విశాఖ:
ఐఫోన్ సంగతి వదిలేయండి. బయటి యాప్‌కి మెసేజ్‌ల ఇన్‌బాక్స్ చదివే వీలు ఐఓఎస్‌లో, అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, లేదు. తెలియని నంబర్ల మెసేజ్‌లు వడగట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది గానీ, అది చూసింది మీ యాప్‌కి చేరవేయలేదు. పైగా ఐఫోన్‌కి యాప్ రాయాలంటే మ్యాక్ కంప్యూటర్ కావాలి, ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి. ప్లే స్టోర్‌కైతే ఒక్కసారి 25 డాలర్లు.

పాత_కీబోర్డు:
తమ్ముడూ, ఫోన్ ఎందుకు ఆపుతోందో ముందు చెప్తాను. 2024 చివర్లో గూగుల్ మన దేశంలో ప్లే ప్రొటెక్ట్‌కి, అంటే ఫోన్‌లో యాప్‌లని తనిఖీ చేసే తన ఏర్పాటుకి, కొత్త కాపలా పెట్టింది. బ్రౌజర్ నుంచో వాట్సాప్ నుంచో ఫైల్ మేనేజర్ నుంచో వచ్చిన ఏపీకే ఎస్‌ఎంఎస్ చదువుతానన్నా, నోటిఫికేషన్లు చూస్తానన్నా, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కగలిగే అనుమతి) కావాలన్నా ఆపేస్తుంది. నీ యాప్ దొంగదో మంచిదో దానికి అనవసరం, అడిగిన అనుమతి ఏమిటన్నదే లెక్క.

ప్లే స్టోర్‌లో దారి ఉంది. ఎస్‌ఎంఎస్ అనుమతి 2019 నుంచి డిఫాల్ట్ మెసేజింగ్ యాప్‌లకే పరిమితం చేశారు గానీ, మెసేజ్‌ల ఆధారంగా డబ్బు లెక్కలు చూసే యాప్‌లకి మినహాయింపు ఉంది. డిక్లరేషన్ ఫారం నింపి, ఆ అనుమతి ఎందుకో విడమర్చి రాయి. ప్లేలో వ్యక్తిగత డెవలపర్ ఖాతా కొత్తగా తెరుస్తున్నావు కాబట్టి, యాప్ అందరికీ పెట్టే ముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. అడిగిన కొట్లవాళ్ళనే టెస్టర్లుగా చేర్చు. ఈలోగా మామయ్య ఫోన్‌కి కేబుల్ పెట్టి, కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే డెవలపర్ల పనిముట్టుతో ఎక్కించు, దానికి అడ్డు లేదు.

ఇక నా మనసులో మాట. నేను తెలుగు కీబోర్డు రాసినవాణ్ణి. ఆండ్రాయిడ్ 2009లో 1.5 వెర్షన్‌తోనే బయటివాళ్ళ కీబోర్డులకి చోటిచ్చింది. ఐఫోన్‌లో అదే పనికి 2014లో ఐఓఎస్ 8 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ అయిదేళ్ళూ ఐఫోన్‌లో ఏ కీబోర్డు ఉండాలో తేల్చింది ఒక్క ఆపిల్ కంపెనీయే. మనకి నచ్చకపోతే ఇంకోటి రాసుకునే హక్కు లేదు. పెద్ద కంపెనీలు స్టోర్లు తీసుకునే 30 శాతం కమిషన్ గురించి కోర్టుల్లో కొట్లాడుకుంటాయి. మనలాంటి వాళ్ళకి అసలు ప్రశ్న వేరే: నా యాప్ కావాలన్న మనిషికి, ఇంకెవరి అనుమతీ లేకుండా నేను ఇవ్వగలనా లేదా?

కౌంటర్_3:
బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి ఇటువైపు కూడా చెప్పాలి. పీఎం కిసాన్ అని, ఆర్‌టీఓ చలానా అని, పెళ్ళి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకేలు వస్తున్నాయి. నొక్కితే ఓటీపీలు చదివేస్తాయి, ఖాతా ఖాళీ. ఏడుస్తూ కౌంటర్ దగ్గరికి వచ్చేది రైతులే. ఎరువుల కొట్టు నుంచి ఏపీకే రావడం మామూలే అని ఊరివాళ్ళకి అలవాటైతే, రేపు అదే కొట్టు పేరుతో దొంగ పంపినదీ నొక్కుతారు. బాబూ, నీ యాప్ మంచిదే అయినా వాట్సాప్‌లో మాత్రం పంచొద్దు.

పాత_కీబోర్డు:
మేడమ్, మీరన్నది అక్షరాలా నిజం. వాట్సాప్‌లో పంచొద్దనే నేనూ అంటాను. నా భయం దాని తర్వాతి మెట్టు గురించి. సర్టిఫైడ్ (గూగుల్ ఆమోదం ఉన్న) ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ ఎక్కాలంటే, అది ప్లే స్టోర్‌లో లేకపోయినా, దాన్ని రాసినవాళ్ళు తమ దగ్గర గుర్తింపు నమోదు చేసుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకి తెస్తామంది. ఓపెన్ సోర్స్ యాప్‌లు ఉచితంగా పంచే ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు ఇది తమ ప్రాజెక్టునే ముగించేస్తుందన్నారు. నిరసనలు వచ్చాక, 2025 నవంబరులో, ప్రమాదం తెలిసీ సరేననే అనుభవజ్ఞులకి వేరే దారి ఉంచుతామని గూగుల్ చెప్పింది.

దొంగని పట్టుకోవడానికి పేరూ ఊరూ అడగడం నాకు తప్పనిపించదు. ఆ చిట్టా ఒక్క కంపెనీ చేతిలో ఉండటమే తప్పు. సైడ్‌లోడింగ్‌ని, అంటే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించడాన్ని, ఏ విధంగానూ అడ్డుకోకూడదని మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌ని ఆదేశించింది, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా కూడా వేసింది. 2023 మార్చిలో ఎన్‌సీఎల్‌ఏటీ (కమిషన్ తీర్పులపై అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్) జరిమానాని నిలబెట్టి, ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మనకి కావలసిన ఆ ఆదేశం నిలబడి ఉంటే ఈ మాట ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన పనే ఉండేది కాదు.

కొట్టు_కోట్లిన్:
చాలా థ్యాంక్స్ అండీ. వాట్సాప్‌లో పంపిన ఫైళ్ళు తీసేయమని అందరికీ చెప్తాను, ప్లే ఖాతా ఈ వారమే తెరుస్తాను. ఐఫోన్ ఆయనకి బ్యాంకు స్టేట్‌మెంట్ ఫైలు అప్‌లోడ్ చేస్తే లెక్క చూపించే వెబ్ పేజీ చేసి ఇవ్వొచ్చా?

స్విఫ్ట్_విశాఖ:
ఇవ్వొచ్చు. బ్రౌజర్‌లో నడిచేదానికి స్టోర్ అనుమతి అక్కర్లేదు. ఆ స్టేట్‌మెంట్ మాత్రం మీ సర్వర్‌కి తెచ్చుకోకుండా, ఆయన ఫోన్‌లోనే చదివేలా రాయండి.