1871 అక్టోబరు 8 రాత్రి: షికాగో అందరికీ తెలుసు, పెష్టిగో ఎందుకు మరుగున పడింది?

బడిపంతులు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం చరిత్రలోని పెద్ద అగ్నిప్రమాదాలపై ఒక పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. 1666 నాటి లండన్ ముగించి 1871 నాటి షికాగో దగ్గరికి వచ్చేసరికి ఒక తేదీ నన్ను ఆపేసింది. షికాగో తగలబడిన ఆ ఆదివారం రాత్రే, దానికి ఉత్తరాన దాదాపు 400 కిలోమీటర్ల దూరాన విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న పెష్టిగో అనే కలప పట్టణం కూడా బూడిదైంది. షికాగోలో చనిపోయినవారు సుమారు 300 మంది కాగా, పెష్టిగోలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చనిపోయినవారు తక్కువలో తక్కువ 1,200 మంది అని, కొన్ని అంచనాల ప్రకారం 2,500 మంది వరకు ఉంటారని చదివాను. అయినా ఓలీరీ అనే ఆమె ఆవు లాంతరును తన్నడంతో షికాగో అంటుకుందనే కథ మా పిల్లలకు సైతం తెలుసు గానీ, పెష్టిగో పేరు మా గ్రంథాలయంలోని ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఒకే రాత్రి రెండు చోట్లా నిప్పు పుట్టడం కేవలం కాకతాళీయమా? తోకచుక్క ముక్కలు రాలి మంటలు లేచాయని ఒకచోట చూశాను. పిల్లలు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు కనుక, తెలిసినవారు వివరించగలరు.

అడవిదారి:

పంతులుగారూ, మొదట తోకచుక్క సంగతి తేల్చేద్దాం. బీలా అనే తోకచుక్క 1846లో రెండుగా చీలిపోవడాన్ని ఖగోళశాస్త్రజ్ఞులు చూశారు. 1852 తరువాత అది మళ్లీ కనిపించలేదు. దాని శకలాలే 1871లో భూమి మీద పడ్డాయని ఇగ్నేషియస్ డానెలీ అనే రాజకీయ నాయకుడు 1883లో రాశాడు. ఉల్కలు నేలను తాకే సమయానికి చల్లబడే ఉంటాయి. అవి ఎండుగడ్డిని కూడా అంటించలేవు. పైగా ఆ రాత్రి కొత్తగా నిప్పు పుట్టవలసిన అవసరమే లేదు. విస్కాన్సిన్ అడవుల్లో అప్పటికి కొన్ని వారాలుగా చిన్న చిన్న మంటలు రగులుతూనే ఉన్నాయి, సెప్టెంబరు చివరి వారంలోనే పెష్టిగో ఒకసారి కాలిపోయే అంచు దాకా వెళ్లి బయటపడింది.

ఆ ఏడాది వేసవి నుంచి అక్కడ వాన లేదు, చిత్తడి నేలలు సైతం ఎండి బీటలు వారాయి. కలప కంపెనీలు పనికొచ్చే దుంగలను మాత్రం తరలించి కొమ్మలనూ రెమ్మలనూ అడవిలోనే వదిలేసేవి, కొత్త రైలు మార్గం వేస్తున్న కూలీలు దారికి అడ్డు వచ్చిన చెట్లను నరికి అక్కడికక్కడే కాల్చేవారు, వలస వచ్చిన రైతులు పొలం కోసం అదే పని చేసేవారు. (దీన్ని మన ఏజెన్సీలోని పోడుతో పోల్చాలని పిల్లలకు అనిపించవచ్చు. పోడులో కొండవాలున ఒక చిన్న చెలకను కాలుస్తారు. ఇక్కడ మైళ్ల పొడవునా ఎండుకట్టెలు పరిచి ఉన్నాయి.) ఇక పట్టణం సంగతి చెప్పనక్కర్లేదు: ఇళ్లు కలపవి, నడకదారులు కలపవి, వీధుల్లో పరిచింది రంపంపొట్టు, బతుకుతెరువు సామిల్లూ చెక్క సామాన్ల ఫ్యాక్టరీ. అక్టోబరు 8 సాయంత్రం నైరుతి నుంచి పెనుగాలి లేవడంతో విడివిడిగా ఉన్న మంటలన్నీ ఒక్కటై, తమ గాలిని తామే పుట్టించుకునే అగ్నితుపానుగా మారాయి. మొత్తం మీద సుమారు 12 లక్షల ఎకరాలు కాలిపోయాయి. అదే గాలి అదే రాత్రి షికాగోలోనూ, మిషిగన్ సరస్సుకు అవతలి ఒడ్డున మిషిగన్ రాష్ట్రంలోని హాలండ్, మనిస్టీ పట్టణాలలోనూ వీచింది. ఆ రెండు పట్టణాలూ కాలాయి. కాబట్టి కాకతాళీయం అనడం కంటే, ఒకే కరువు ఒకే గాలి చేతికి చిక్కిందని చెప్పడం సబబు.

పాతపటం:

షికాగో వైపు నుంచి కొంత చేరుస్తాను. దయచేసి ఆవు కథను పాఠంలో కథగానే చెప్పండి. మంట డికోవెన్ వీధిలో కేథరిన్ ఓలీరీ దంపతుల పశువులపాకలోనో దాని పక్కనో పుట్టిన మాట నిజమే. కానీ తరువాత జరిగిన విచారణ దానికి కారణం తేల్చలేకపోయింది. ఆవు కథ తాము అల్లినదేనని మైకేల్ ఆహెర్న్ అనే విలేకరి 1893లో ఒప్పుకున్నాడు. 1997లో షికాగో నగర మండలి ఆమెనూ ఆవునూ నిర్దోషులుగా ప్రకటించింది. ఐరిష్ వలస కుటుంబం, పేదవాడ, పాలు అమ్ముకునే స్త్రీ అన్న వివరాలు ఉన్న చోట నింద ఎటు వాలుతుందో విడమరచి చెప్పనక్కర్లేదు. గాలి ఈశాన్యానికి వీస్తున్నందువల్ల పాక కాలినా ఓలీరీల ఇల్లు మాత్రం నిలిచింది. జనం దాన్ని కూడా ఆమె మీద నేరంగానే మోపారు.

అసలు పొరపాట్లు మరోచోట ఉన్నాయి. ముందురోజు శనివారం రాత్రి మరో పెద్ద మంటతో పోరాడి అగ్నిమాపక సిబ్బంది అలసిపోయి ఉన్నారు. 3 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరానికి ఉన్నది 185 మంది సిబ్బంది, 17 ఆవిరి ఇంజన్లు. న్యాయస్థానం గోపురం మీద కాపలా ఉన్న మథాయస్ షాఫర్ మంటను చూశాడు గానీ, చోటును సుమారు ఒక మైలు తప్పుగా అంచనా వేశాడు. కొద్దిసేపటికే తప్పు గ్రహించి సంకేతం మార్చమని అడిగితే, సిబ్బంది తికమక పడతారని కింద ఉన్న టెలిగ్రాఫ్ ఉద్యోగి నిరాకరించాడు. అర్ధరాత్రికి మంట నదిని దాటింది. తెల్లవారుజామున నీటి పంపుల కేంద్రం పైకప్పు కాలి కూలడంతో నగరంలో నీళ్లే లేకుండా పోయాయి. మంగళవారం వాన పడేనాటికి సుమారు 17,500 భవనాలు పోయి, లక్ష మంది నిలువ నీడ లేనివారయ్యారు. సున్నపురాతి నీటి గోపురం మాత్రం ఈనాటికీ నిలిచే ఉంది.

ఉత్తరగాలి:

ఉద్యోగరీత్యా విస్కాన్సిన్‌లో ఉంటున్నందువల్ల రెండేళ్ల క్రితం పెష్టిగో వెళ్లి చూశాను. పాత చర్చి భవనంలో ఒక చిన్న ప్రదర్శనశాల, పక్కనే శ్మశానవాటిక, అందులో గుర్తుపట్టలేని సుమారు 350 మందిని కలిపి పూడ్చిన సమాధి ఉన్నాయి. కుటుంబాలకు కుటుంబాలే పోవడంతో, వారిని పేరు పెట్టి గుర్తుపట్టగలిగేవారు మిగలలేదు. మృతుల సంఖ్య ఇప్పటికీ అంచనాగానే మిగలడానికి ఇదొక పెద్ద కారణం.

నన్ను ఎక్కువగా కదిలించింది వంతెన గురించిన వృత్తాంతం. ఫాదర్ పీటర్ పెర్నిన్ అనే మతగురువు ఆ రాత్రి ప్రాణాలతో బయటపడి, తాను చూసినదంతా తరువాత రాశాడు. నదికి ఇటువైపు వారు అటు వెళితే బతుకుతామనీ, అటువైపు వారు ఇటు వస్తే బతుకుతామనీ పరుగెత్తి, మనుషులూ బండ్లూ పశువులూ వంతెన మీద ఎదురెదురుగా చిక్కుకుపోయారు. తక్కినవారు నీళ్లలోకి దిగి, తల పైకి పెడితే మంట, ముంచితే ఊపిరాడకపోవడం అన్నట్టుగా గంటల తరబడి తడిబట్టలు కప్పుకుంటూ, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ గడిపారు. చల్లటి నీళ్లలో బిగుసుకుపోయి చనిపోయినవారూ ఉన్నారు. పెర్నిన్ తన చర్చి నుంచి తెచ్చి నదిలో వదిలిన చెక్క పేటిక కాలకుండా తరువాత దొరికింది, ఇప్పుడు ఆ ప్రదర్శనశాలలోనే ఉంది.

మీరు అడిగిన మరుపు గురించి నాకు తోచింది చెబుతాను. పెష్టిగో నుంచి టెలిగ్రాఫ్ తీగలు కాలిపోవడంతో కబురు రాష్ట్ర రాజధాని మాడిసన్‌కు 10వ తేదీన గానీ అందలేదు. అప్పటికే గవర్నరు ఫెయిర్‌చైల్డ్, ఇతర అధికారులు షికాగోకు సహాయ సామగ్రితో బయలుదేరి వెళ్లిపోయారు. రాజధానిలో ఉన్న గవర్నరు భార్య ఫ్రాన్సెస్, షికాగోకు పంపడానికి సిద్ధంగా ఉన్న ఒక రైలు పెట్టె సరుకులను ఉత్తరానికి మళ్లించి దుప్పట్లు సేకరింపజేసింది. ఆమెకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. సొంత రాష్ట్రం కాలిపోతుంటే ప్రభుత్వమే పక్క రాష్ట్రంలో ఉండగా, దేశంలోని పత్రికలన్నీ షికాగో మీద దృష్టి పెట్టడంలో వింత లేదు.

బడిపంతులు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వంతెన వృత్తాంతాన్ని పాఠంలో తప్పక చేరుస్తాను. ఒక్క అనుబంధ ప్రశ్న: ఈ రెండు ఊళ్ల మధ్య కరువూ గాలీ తప్ప వేరే సంబంధం ఏదైనా ఉందా? ఆ తరువాతైనా జాగ్రత్తలు తీసుకున్నారా?

అడవిదారి:

సంబంధం ఉంది, నా దృష్టిలో మీ పాఠానికి అదే ఆయువుపట్టు. షికాగో మొట్టమొదటి మేయరు విలియం ఆగ్డెన్ పెష్టిగో కలప కంపెనీలో ప్రధాన భాగస్వామి. విస్కాన్సిన్, మిషిగన్ అడవుల పైన్ చెట్లు పలకలై సరస్సు మీదుగా దిగి షికాగో ఇళ్లూ నడకదారులూ అయ్యాయి. అడవిలో మిగిలిన చెత్త ఒకచోట కాలింది, అదే అడవి నుంచి పోయిన పలకలు మరోచోట కాలాయి. ఆగ్డెన్ రెండు చోట్లా భారీగా నష్టపోయాడు.

జాగ్రత్తల విషయం నగరాలకు ఒక తీరు, అడవులకు మరో తీరు. షికాగో కూడా వెంటనే మారలేదు. నగర కేంద్రంలో కలప కట్టడాలపై ఆంక్షలు వచ్చినా అమలు అంతంతమాత్రమే. 1874 జులైలో మళ్లీ మంట లేచి సుమారు 800 కట్టడాలు పోయాక, బీమా కంపెనీలు నగరాన్ని వదిలిపోతామని బెదిరిస్తే గానీ నిబంధనలు గట్టిపడలేదు. అడవుల్లో మాత్రం నరకడం, రెమ్మలు వదిలేయడం, కాల్చడం యథావిధిగా సాగాయి. 1881లో మిషిగన్ రాష్ట్రపు ‘థంబ్’ ప్రాంతంలోనూ, 1894లో మిన్నెసోటాలోని హింక్లీలోనూ వందల మంది అదే తీరున చనిపోయారు.

అమెరికాలో ఏటా జరిపే అగ్నిప్రమాద నివారణ వారాన్ని 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ జాతీయ వారంగా ప్రకటించారు. అది అక్టోబరు 9 వచ్చే వారం. షికాగోలో ఎక్కువ భాగం కాలిపోయింది 9వ తేదీన. పెష్టిగో 8వ తేదీ రాత్రికే అయిపోయింది.